పూలు, పురుగులు, పక్కింటివాళ్ళు: మన నేల మొక్కలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మొక్క ఎలా పెంచాలని అడిగినవాళ్ళ కంటే, పెట్టిన మొక్కని చుట్టుపక్కలవాళ్ళు పీకేయకుండా ఎలా కాపాడుకోవాలని అడిగినవాళ్ళే ఎక్కువ. పదిమంది తిరిగే చోట మన నేల మొక్క నిలవాలంటే నీళ్ళూ ఎరువూ కంటే ముందు దాని పేరు తెలిసిన మనుషులు కావాలి. అందుకే ఆ ప్రశ్నలే ఎక్కువగా తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది పెద్ద అపార్ట్‌మెంట్. ముందు లాన్, ప్రహరీ పొడవునా కోనోకార్పస్ చెట్లు. బతుకమ్మ వస్తే పూల కోసం మార్కెట్ మీద పడతాం. లోపలే ఒక మూల తంగేడు, గునుగు వేసుకుందామంటే కమిటీవాళ్ళు "అవి అడవి మొక్కలమ్మా, చూడ్డానికి బాగోవు, పాములొస్తాయి" అంటున్నారు. ఎలా ఒప్పించాలి? (గృహిణి, నిజాంపేట, హైదరాబాద్)

జవాబు: మీటింగులో జీవవైవిధ్యం గురించి ఉపన్యాసం వద్దు, బతుకమ్మ గురించి మాట్లాడండి. మీ దగ్గర బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు ఎంతమందో అంతమందీ మీ వైపే ఉన్నట్టు, అడగలేదంతే. ముందు వాళ్ళలో నలుగురైదుగురిని కలుపుకోండి. లాన్ మొత్తం అడక్కండి, ఒక మంచం పట్టేంత జాగా, అది కూడా ఒక్క ఏడాదికే అడగండి, ఎందుకంటే శాశ్వతంగా ఇమ్మంటే ఏ కమిటీ అయినా వెనకాడుతుంది, ఏడాది చూద్దాం అంటే కాదనడానికి వాళ్ళకీ కారణం దొరకదు. వేసవిలో ట్యాంకర్లకి ఎంత కడుతున్నారో, అందులో లాన్‌కి ఎంత పోతోందో లెక్క ఉంటే పట్టుకెళ్ళండి. తంగేడుకి మొదటి ఏడాది నీళ్ళు పోస్తే చాలు, తర్వాత వానలతోనే బతుకుతుంది. గట్ల మీద, రాళ్ళ నేలలో ఎవరూ నీళ్ళు పోయకుండానే కదా అది పూస్తున్నది.

పాముల మాట మాత్రం తీసిపారేయకండి. పిల్లలున్నచోట అది నిజమైన భయం. పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుకేమో పారేసిన అన్నం కోసం, ఏళ్ళ తరబడి కదపని ఇటుకల కుప్ప కోసం వస్తుంది. ఆ రెండూ తీసేయించండి, తంగేడు కింది కొమ్మలు కత్తిరించి మొదలు కనపడేలా ఉంచండి, చుట్టూ ఊడ్పించండి. ఇక చూడ్డానికి బాగోవు అన్నదానికి జవాబు మొక్కలో లేదు, మడి అంచులో ఉంది. చుట్టూ ఇటుకలు పాతి, ప్రతి మొక్క దగ్గరా పేరు రాసిన చిన్న బోర్డు పెడితే, అది దానంతట అది పెరిగిన కంప కాదని, ఎవరో చూసుకుంటున్నారని దారినపోయేవాళ్ళకి తెలుస్తుంది. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అని కూడా ఆ బోర్డు మీద రాయండి. తర్వాత దాన్ని పీకమనడానికి నోరు రాదు.

తంగేడు మొదటి దసరాకే పూస్తుందని ఎవరికీ ఆశపెట్టకండి. గునుగు మాత్రం జూన్‌లో చల్లితే అందుతుంది. ఆ మొదటి ఏడాది మీ మడిని నిలబెట్టేది గునుగే. కలుపు మందులు వచ్చాక చేలల్లో అది బాగా తగ్గిపోయింది కాబట్టి గింజ ఎవరి ఊరి నుంచి తెచ్చుకున్నా కొంత ఎండబెట్టి దాచుకోండి, అందులోంచి పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళకి కూడా ఇవ్వండి. మీ వాచ్‌మన్ కుటుంబాన్ని, తోటమాలిని మొదటి రోజే పిలవండి. వాళ్ళది పల్లెటూరైతే ఈ మొక్కల గురించి మనందరికంటే వాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది, కానీ మీటింగులో ఆ మాట వాళ్ళని ఎవరూ అడగరు.

బంతి వెయ్యొచ్చా అని ఎవరైనా అడుగుతారు. బంతి మెక్సికో వైపు నుంచి వచ్చింది, గుమ్మడి కూడా అమెరికా ఖండాలదే. అయినా రెండూ బతుకమ్మలోకి వచ్చి కూర్చున్నాయి, వాటితో మనకేం పేచీ లేదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ లాగా మిగతావాటిని తొక్కేసుకుంటూ పాకేవాటితోనే గొడవ. కోనోకార్పస్ సంగతి మాత్రం ఈ మీటింగులో కలపకండి. దాని పుప్పొడి మీద, పైపుల్లోకి పోయే వేళ్ళ మీద ఫిర్యాదులు వచ్చి తెలంగాణలో 2022లో హరితహారం నర్సరీల్లో దాన్ని పెంచొద్దన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. కానీ ఒకేసారి అన్నీ కొట్టేస్తే ఎండకి గోడలు కాలిపోయి అందరూ మిమ్మల్నే అంటారు. ఎండిపోయినదాని స్థానంలో ఒక్కొక్కటిగా, జాగా ఉంటే కానుగ, ఇరుకైతే పారిజాతం పెట్టుకుంటూ రండి.

ఇంకొక్క మాట. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది, అది కూడా చివర చిన్న రంధ్రాలున్న గొట్టాల్లో. తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని ఒళ్ళంతా ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. ఆ చప్పుడు దగ్గర నిలబడితే వినపడుతుంది. పిల్లలకి ఒక్కసారి చూపించండి, రేపు ఆ మడి జోలికి ఎవరైనా వస్తే ముందు వాళ్ళే అడ్డం పడతారు.

ప్రశ్న: హుద్‌హుద్ తుపాను తర్వాత మా విశాఖలో వీధుల పొడవునా ఏడాకుల పొన్న పెట్టారు. చలికాలం వస్తే ఆ వాసనకి మా నాన్నగారికి ఆయాసం. ఇది విదేశీ చెట్టు అంటున్నారు, నిజమేనా? (ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: కాదండీ, ఏడాకుల పొన్న మన దేశపు చెట్టే. అడవిలో నాలుగు రకాల మధ్య ఒకటి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. 2014లో తుపానుకి చెట్లన్నీ పడిపోయాక త్వరగా నీడ కావాలని, తొందరగా పెరుగుతుందని దీన్నే వరసకట్టి పెట్టేశారు, ఇప్పుడు అన్నీ ఒకేసారి పూస్తున్నాయి. మన నేలదా కాదా అన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఒకే రకంతో వీధి నింపకూడదు, దేశవాళీ మొక్కలంటే ప్రాణమిచ్చేవాళ్ళు కూడా ఈ మాట మర్చిపోతున్నారు. నాన్నగారిని పూత రోజుల్లో సాయంత్రం బయట తిరగనివ్వకండి, డాక్టరుకి ఒకసారి చూపించండి. కాలనీవాళ్ళంతా కలిసి కార్పొరేషన్‌కి అర్జీ పెట్టండి, అందులో నరికేయమని కాకుండా మధ్యమధ్యలో కొన్ని తీసి వేప, కానుగ, పొగడ పెట్టమని, ఆ మొక్కల్ని మేమే చూసుకుంటామని రాయండి.

ప్రశ్న: మాది చిన్న బడి. పిల్లలతో మన చెట్లు పెంచుదామంటే నర్సరీలో రేల, మోదుగ అడిగితే లేవంటారు. పోనీ గింజలు పెట్టిన మట్టి ఉండలు, అదే విత్తన బంతులు, చేసి కొండ మీద విసిరిద్దామా? (ఉపాధ్యాయుడు, కదిరి దగ్గర)

జవాబు: మాస్టారూ, బంతులు విసిరిన రోజు ఫొటోలు బాగా వస్తాయి, తర్వాత వాటిని చూసేవాళ్ళుండరు. మీ బడిలోనే నర్సరీ పెట్టండి. పాల కవర్లు కడిగి కింద చిల్లులు పెడితే సంచులు వచ్చేసినట్టే. నర్సరీవాళ్ళని తప్పుపట్టలేం, అడిగేవాళ్ళు లేకపోతే వాళ్ళెందుకు పెంచుతారు.

పని మాత్రం గింజతో కాదు, మనుషులతో మొదలుపెట్టండి. మీ ఊళ్ళో గొర్రెలు మేపే పెద్దవాళ్ళని బడికి పిలిచి, ఏ చెట్టు ఎక్కడుంది, ఎప్పుడు కాస్తుంది, దేనికి వాడతారు అని పిల్లలతో అడిగించి రాయించండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కల, పంటల, జంతువుల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందేమో అడగండి. ఉంటే పిల్లలతో చదివించండి, అందులో లేనివి మీ పిల్లలు రాసినదాంట్లో ఉంటే సర్పంచ్ గారికి ఇచ్చి చేర్చమనండి.

గింజలకి ఎండాకాలమే అదును. మోదుగ వేసవి చివర్లో కాయ రాలుస్తుంది, దాన్ని నిలవ పెట్టకుండా వెంటనే నాటాలి. వేప గింజ కూడా అంతే, కొన్ని వారాలకే మొలిచే శక్తి పోతుంది. రేల, తంగేడు గింజలకి పై పొర గట్టిగా ఉంటుంది కాబట్టి ఏళ్ళు నిలుస్తాయి. మరిగించి దించిన నీళ్ళు వాటి మీద పోసి, చల్లారాక రాత్రంతా అలాగే నాననివ్వండి, లేదంటే గరుకు రాతి మీద ఒక పక్క అరగదీయండి, ఇదేమీ చేయకుండా నాటి మొలవట్లేదని వదిలేసినవాళ్ళు చాలామంది. ఒకే చెట్టు కింద అంతా ఊడ్చుకురాకుండా పది చెట్ల నుంచి కొంచెం కొంచెం ఏరండి, రిజర్వు అడవి అయితే ముందు అటవీ శాఖవాళ్ళని అడగండి.

జహీరాబాద్ వైపు పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలని ఇలాగే బతికించుకున్నాయి. విత్తనం తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక కాస్త కలిపి తిరిగిస్తారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ పద్ధతి చెట్లకీ పనికొస్తుంది. తొలకరికి బడి దగ్గర ఒక పూట విత్తనాల సంత పెట్టండి, డబ్బులు వద్దు, గింజలు తీసుకెళ్ళినవాళ్ళు వచ్చే ఏడాది గింజలైనా తేవాలి, ఒక మొక్కైనా తేవాలి. ఎవరు ఏం తీసుకెళ్ళారో ఏడో తరగతి పిల్లలు పుస్తకంలో రాస్తారు. పిల్లలు అడుగుతుంటే పెద్దవాళ్ళు తప్పించుకోలేరు.

ప్రశ్న: అక్కా, మేం టెక్సస్‌లో ఉంటాం. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు గడ్డి తీస్తే ఫైన్ అంటారేమోనని టెన్షన్. ఇక్కడి నేల మొక్కలు పెంచాలనుంది. వాటితో పాటు ఇండియా నుంచి జిల్లేడు, కరివేపాకు గింజలు కూడా తెచ్చుకోవచ్చా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఫ్రిస్కో)

జవాబు: గింజలు తేవద్దమ్మా. అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు, కరివేపాకు మీద మరీ గట్టిగా ఉంటారు, దాంతో నిమ్మ, నారింజ తోటల తెగులు మోసే పురుగు వస్తుందని. అసలు జిల్లేడు అక్కడికెందుకు, దాని చుట్టమే మీ దగ్గర ఉంది. మిల్క్‌వీడ్ అదే కుటుంబం. ఇక్కడ నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక జిల్లేడు మీద గుడ్లు పెట్టినట్టే అక్కడ మోనార్క్ మిల్క్‌వీడ్ మీద పెడుతుంది. ఆ మొక్కల పాలలోని చేదు విషం పురుగు ఒంట్లో చేరుతుంది కాబట్టి చాలా పిట్టలు దాన్ని ముట్టవు. మెక్సికో నుంచి వసంతంలో ఉత్తరానికి వెళ్ళేటప్పుడు, మళ్ళీ అక్టోబరు ప్రాంతంలో తిరిగొచ్చేటప్పుడు అవి మీ టెక్సస్ మీదుగానే వెళ్తాయి. యాంటిలోప్ హార్న్స్ మిల్క్‌వీడ్ మీ నేలదే, అది వెయ్యండి. షాపుల్లో ఎక్కువగా దొరికే ఎరుపు నారింజ పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ వద్దు, వెచ్చటి చోట్ల అది చలికాలంలోనూ ఎండిపోకుండా ఉండి మోనార్క్‌లకి పరాన్నజీవి జబ్బు అంటిస్తుంది.

హెచ్‌ఓఏ గురించి అంత భయం అక్కర్లేదు. నీళ్ళు తక్కువ తాగే మొక్కల్ని అసలు పెట్టనివ్వకుండా నిషేధించకూడదని టెక్సస్ 2013లోనే చట్టం తెచ్చింది. కాకపోతే ముందు ప్లాన్ ఇచ్చి అనుమతి తీసుకోమని వాళ్ళు అడగొచ్చు. అడక్కముందే కాగితం మీద గీసి ఇవ్వండి, ముందు వరసలో పొట్టి మొక్కలు, శుభ్రమైన అంచు. మిగతా సందేహాలకి నేటివ్ ప్లాంట్ సొసైటీ ఆఫ్ టెక్సస్ వాళ్ళ స్థానిక సమావేశానికి వెళ్ళండి, మీ కాలనీ మట్టిలో చేతులు పెట్టినవాళ్ళు అక్కడ కలుస్తారు. మిల్క్‌వీడ్ గింజకి చలి తగిలితేనే బాగా మొలుస్తుంది కాబట్టి చలి ముదరకముందే చల్లాలి, మన దసరా, దీపావళి కూడా అప్పుడే కదా. ఇంటికి వచ్చినవాళ్ళకి తాంబూలంతో పాటు చిన్న పొట్లం గింజలు ఇవ్వండి. మొక్క పాలు కళ్ళలో పడకూడదని, పసిపిల్లలకి అందనివ్వొద్దని మాత్రం చెప్పి ఇవ్వండి.

ప్రశ్న: మా మిద్దె తోటలో కరివేపాకు మొక్కని పిట్ట రెట్టలాంటి పురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి? (మిద్దె తోట పెంపకందారు, గుంటూరు)

జవాబు: ఏ మందూ వద్దు. అవి సీతాకోకచిలుకల పిల్లలు, నిమ్మ జాతి మొక్కల మీద బతికేవి. నాలుగు రోజులు పోతే ఆకుపచ్చగా మారతాయి. పెద్ద మొక్కైతే కొన్ని ఆకులు తిన్నా మళ్ళీ చిగురిస్తుంది. కుండీలో చిన్న మొక్కైతే, ఆకుతో సహా తుంచి వీధిలో ఎవరింట్లోనైనా పెద్ద కరివేపాకు చెట్టు ఉంటే, వాళ్ళకి చెప్పి దాని మీద పెట్టండి. మందు కొడితే సీతాకోకచిలుకలు పోవడమే కాదు, ఆ మందు పడ్డ ఆకు రేపు మీ చారులోకే వస్తుంది.