నాలుగు ‘పర్లేదు’ల తర్వాత

ప్రశ్న: పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మార్కుల్లో ఎప్పుడూ ముందే ఉంటాను. నలుగురం కలిసి చేసే ప్రాజెక్టులో ఒక స్నేహితురాలు తన వంతు పని వాయిదా వేస్తూ వచ్చింది. మొదటిసారి పర్లేదనుకున్నాను. రెండోసారి సారీ చెబితే పర్లేదన్నాను. మూడోసారి ‘పర్లేదులే, నేను చూసుకుంటా’ అని తన భాగం నేనే రాశాను. ప్రజెంటేషన్‌కి ముందురోజు రాత్రి పదకొండింటికి ఫైల్ తెరిస్తే తన స్లైడ్లన్నీ ఖాళీ. అప్పుడూ ‘పర్లేదు’ అని మెసేజ్ పెట్టి తెల్లవార్లూ కూర్చున్నాను. మర్నాడు క్లాసులో తను నా స్లైడ్ చూసి ‘అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి’ అంది. అంతే, ‘నీకు సిగ్గుందా’ అని అందరి ముందూ అరిచేశాను. తను ఏడుస్తూ వెళ్లిపోయింది. ఇప్పుడు ముగ్గురూ నాతో మాట్లాడటం లేదు. ‘నీకు మార్కులున్నాయి గానీ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ లేదు’ అన్నాడు వాళ్లలో ఒకతను. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో టెస్టు రాస్తే నిజంగానే తక్కువ వచ్చింది. మా నాన్నకి కోపమొస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడరు. నేనూ ఏదీ బయటికి చెప్పుకోను. నాలుగు రోజులుగా నిద్ర లేదు. నాలో ఏదైనా లోపముందా? కోపం రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ‘పర్లేదు’ నాలుగుసార్లు ఉంది. ఆ నాలుగింటిలో ఒక్కటీ మనసులోంచి వచ్చింది కాదు. అరిచిన ఆ ఒక్క నిమిషం గురించి మీరు కుమిలిపోతున్నారు. నాకైతే అసలు సంగతి ఆ నాలుగు మాటల దగ్గరే ఉందనిపిస్తోంది.

ముందు టెస్టు గొడవ వదిలించుకుందాం. ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌ని ఒక సిద్ధాంతంగా 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ముందుకు తెచ్చారు. తర్వాత 1997లో దాన్ని నాలుగు నేర్పులుగా విడదీసి చెప్పారు: భావాన్ని గుర్తుపట్టడం, ఆలోచనకు దాన్ని వాడుకోవడం, అది ఎందుకు పుట్టిందో ఎటు పోతుందో అర్థం చేసుకోవడం, దాన్ని మన చేతిలో ఉంచుకోవడం. నేర్పు కాబట్టి సాధనతో పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే టెస్టులు చాలావరకు మన గురించి మనమే మార్కులు వేసుకునేవి. స్నేహితురాలు ఏడ్చిన రోజు రాత్రి కూర్చుని రాస్తే ఎవరు మాత్రం తమకు ఎక్కువ వేసుకుంటారు? ఇక ఆ అబ్బాయి అన్న మాట అంటారా, ఇదివరకు ‘పొగరు’ అనేవాళ్లు, ఇప్పుడు ఆ చోటికి ఈ మాట వచ్చింది.

మీరు దాన్ని కోపం అంటున్నారు. నేను ఒప్పుకోను. తెలుగులో కోపానికి చాలా చుట్టాలున్నాయి. పని మధ్యలో ఎవరో కదిలిస్తే వచ్చేది చిరాకు. మాట పడితే పొడుచుకొచ్చేది రోషం. బుజ్జగించే మనిషి ఉన్నప్పుడు పట్టేది అలక. ఏమీ చేయలేని స్థితిలో, అన్యాయం జరుగుతోందని తెలిసీ నోరు విప్పలేక, కళ్లల్లో నీళ్లతో కలిసి వచ్చేది ఉక్రోషం. రాత్రి పదకొండింటికి ఖాళీ స్లైడ్ల ముందు మీకు వచ్చింది ఇదే. దాని కింద ‘రేపు అందరి ముందూ పరువు పోతుంది’ అన్న భయం కూడా ఉండి ఉండాలి. ఈ తేడా పండితులకేగానీ మనకెందుకు అనుకోకండి. కోపమైతే చల్లారే దాకా ఆగాలి. ఉక్రోషమైతే నోరు విప్పాలి. ఇన్నాళ్లూ మీరు నోరు విప్పాల్సిన చోట ఆగారు.

మింగేస్తే పోతుందనే నమ్మకం మీ ఒక్కరిదే కాదు. 1993లో అచ్చయిన ప్రయోగంలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులకు అసహ్యం పుట్టించే సినిమా ముక్కలు చూపించి, వాళ్లలో కొందరిని ముఖంలో ఏమీ కనబడనివ్వొద్దన్నారు. వాళ్ల ముఖాలు చాలావరకు మామూలుగానే ఉన్నాయి. అసహ్యం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు, పైగా శరీరం మీద ఒత్తిడి పెరిగింది. మీ నాన్నగారి రెండు రోజుల మౌనం కూడా బహుశా ఇలాంటిదే. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయనకీ మరో దారి ఎవరూ చూపించి ఉండరు. ఇంట్లో మీరు చూసిందల్లా బిగబట్టడమే, అదీ పట్టు తప్పేదాకా.

అందుకే ‘కోపం రాకుండా’ అనే ప్రశ్న పక్కన పెట్టండి. మీకు కావాల్సింది రెండోసారి, అంటే గొంతు ఇంకా మామూలుగా ఉన్నప్పుడే, ‘నాకిది ఇబ్బందిగా ఉంది, గురువారం లోపు రాకపోతే ఏం చేద్దాం?’ అనగలగడం. మొదట్లో గొంతు వణుకుతుంది. వణకనివ్వండి.

మాట రావాలంటే ముందు ఏమనిపిస్తోందో తెలియాలిగా. దానికి కాగితం పనికొస్తుంది. జేమ్స్ పెన్నీబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో అచ్చయిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, మనసును కలచివేసిన సంగతులు రాయించారు. రాసిన వెంటనే వాళ్లకు దిగులుగానే అనిపించింది. తర్వాతి నెలల్లో మాత్రం, ఆ అనుభవంతో పాటు దాని వెనక భావాలనూ రాసినవాళ్లు విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. మీరూ రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, చించేసినా సరే. నిద్ర పట్టకపోవడం ఇంకో వారం పది రోజులు ఇలాగే ఉన్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మీ క్యాంపస్ కౌన్సెలర్‌నో సైకియాట్రిస్టునో వెంటనే కలవండి. అలాంటప్పుడు ఉత్తరం రాసి జవాబు కోసం చూస్తూ కూర్చోకూడదు.

ఇప్పుడు స్నేహితురాలి సంగతి. క్షమాపణ చెప్పాల్సిందే, అందులో రెండో మాట లేదు. అరిచింది అందరి ముందు కాబట్టి, ఆ ఇద్దరికీ కూడా తెలియాలి. ‘అందరి ముందూ నిన్ను అలా అనడం నా తప్పు’ అని, అక్కడితో ఆపండి. వెనకే ‘గానీ నువ్వు మాత్రం...’ అని మొదలుపెట్టారో, ముందన్నదంతా కొట్టుకుపోతుంది. మీ ఇబ్బంది చెప్పుకునే హక్కు మీకుంది, అది వేరే రోజు, వేరే మాటల్లో. ఆమె వెంటనే మెత్తబడకపోవచ్చు. మెత్తబడాలని ఎదురుచూస్తూ రోజుకు మూడు మెసేజ్‌లు పెట్టకండి.

ఇంకొక్కటి. ఆమె ఆలస్యాలన్నీ వరసగా రాశారు, ఖాళీ స్లైడ్లు తెరిచిన టైముతో సహా. ఆమె ఎందుకు ఆలస్యం చేసిందన్నది మాత్రం ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా?