రీల్స్ కోసం నగలు కుదువ పెట్టాలా?

ప్రశ్న: కడపలో తొమ్మిదేళ్లుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. దోసెలు మా ఆయనే వేస్తారు. ఎదురుగా కొత్త అంగడి పడింది. లైట్లు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చూసి కుర్రాళ్లంతా అటే పోతున్నారు. ఒక ఏజెన్సీ ఆరు నెలలు రీల్స్ చేసి, ఇద్దరు ఫుడ్ వ్లాగర్లను తెస్తామని 2.4 లక్షలు అడుగుతోంది. బ్యాంకులో నగలు పెట్టి 1.5 లక్షలు, బయట మూడు రూపాయల వడ్డీకి 90 వేలు తెద్దామనుకుంటున్నాం. దోసెకు 15 రూపాయలు మిగులుతుంది. అంగడి, ఇల్లు అన్నీ కలిపి నెలకు 44 వేలు ఖర్చు. చేతిలో 22 వేలున్నాయి. నెలకు 5 వేల చీటీ కడుతున్నాం.

జవాబు: వద్దమ్మా. ఈ మధ్య బొటీక్ వాళ్లు, బేకరీ వాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి లెక్క వివరంగా చెబుతాను.

బయటి అప్పుకు నెలకు 2,700, నగల మీద ఏడాదికి 10 శాతం వేసుకున్నా 1,250. దోసెకు 15 రూపాయలు మిగులుతుందని రాశారు. అంటే వడ్డీకే నెలకు 264 దోసెలు అదనంగా అమ్మాలి. అసలు తీరాలంటే 16,000 దోసెలు! మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అంత వడ్డీకి తెచ్చి వీడియోలు తీయించుకోవడం ఏం వ్యాపారం? పైగా ఆ వ్లాగర్ల వీడియో చూసేవాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. మంగళవారం పొద్దున టిఫినుకు వాళ్లు కడపకు రారు.

నన్ను భయపెట్టింది ఆ 22 వేలు. అంగడి అద్దె, పనబ్బాయి జీతం, ఇల్లు, ఫీజులు కలిపి నెలకు 44,000 అని మీరే రాశారు. మీ ఆయన చెయ్యి కాలినా, జ్వరమొచ్చి పడుకున్నా పెనం ఆగిపోతుంది. పదిహేను రోజులకు డబ్బు అయిపోతుంది, పదహారో రోజు మళ్లీ మూడు రూపాయల వాళ్ల గడపే. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రి బిల్లుకు పనికొస్తుంది, అంగడి అద్దె కట్టదు. ముందు నాలుగు నెలల ఖర్చు, 1.76 లక్షలు, పక్కన పడాలి. చీటీ పాడినప్పుడు వచ్చే డబ్బు మొత్తం అందులోకే. ఆ డబ్బును అంగడికి వాడకండి, చుట్టాలకు ఇవ్వకండి.

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) ఇద్దరి పేరునా ఈ వారమే కట్టించండి.

ఇక రీల్స్ వద్దని నేననను. అంగడి ఫోనులో ఎలా కనిపిస్తోందో చూసుకున్నాకే జనం ఇప్పుడు అడుగు పెడుతున్నారు. కానీ దానికి ఏజెన్సీ అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో పేరు, వేళలు, నంబరు పెట్టడం ఉచితం. పొద్దుటి వెలుతురులో పెనం తుడిచి, దోసె మీద ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లే ఆ ఇరవై సెకన్లు మీ ఫోనుతోనే తీయండి. మసిగుడ్డ, నూనె డబ్బా, ఎంగిలి ప్లేట్లు కనబడకూడదు, అంతే. కాలేజీకి పోయే మీ అబ్బాయికి ఆదివారం అప్పగించండి. బాగా ఆడిన వీడియోను కడప చుట్టుపక్కలకే చూపించేలా ప్రకటన ఇవ్వండి, నెలకు 2 వేలు దాటకుండా, అదీ గల్లాపెట్టెలో మిగిలినదాంట్లోంచి.

గ్రైండరు పాడై కొత్తది కావాలంటే చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా శిశు రుణం 50 వేల దాకా ఉంది, అది వేరే సంగతి.

నగలు ఇప్పటికే బ్యాంకులో పెట్టేసి ఉంటే, ఏజెన్సీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఆ డబ్బు తిరిగి కట్టి విడిపించుకోండి.