విజయనగరంలో బోన్సాయ్ తోట పెట్టాలంటే ముందు నీళ్లు పోసే మనిషిని చూసుకోండి

మీ కాలేజీ బొటానికల్ గార్డెన్‌లో ఓ మూల ఖాళీగా ఉంది, జనం వచ్చి చూసేలా బోన్సాయ్ తోట, అంటే కుండీల్లో పొట్టిగా పెంచే చెట్ల తోట పెడదామనుకుంటున్నాం, చెట్లు ఎక్కడ కొనాలి అని అడిగారు. నేను శ్రీకాకుళంలో డాబా మీద చాలా ఏళ్లుగా బోన్సాయ్ పెంచుతున్నాను, ఒక తోటలో ఇలాంటిది మొదలుపెట్టినప్పుడు దగ్గరుండి చూశాను. నా మాట వింటే కొనే సంగతి చివర్లో ఆలోచించండి. ముందు రోజూ నీళ్లు పోసేది ఎవరో తేల్చుకోండి.

పళ్లెం లాంటి ఆ కుండీల్లో మట్టి రెండు మూడు అంగుళాలే ఉంటుంది. మే నెలలో పడమటి గాలి కొట్టిందంటే పొద్దున పోసిన తడి మధ్యాహ్నానికే ఆరిపోతుంది. నేను చెప్పిన తోటలో ఆదివారం, పండగ సెలవులు కలిసొచ్చి గేటుకి తాళం పడింది, తెరిచేసరికి చింతచెట్టు ఆకంతా రాలి కుండీ చుట్టూ పసుపుగా పరుచుకుని ఉంది. చింత మళ్లీ చిగురేసింది, పక్కనున్న సరుగుడు మాత్రం చచ్చిపోయింది, దానికి దాహం ఎక్కువ. అందుకే సెలవు రోజుల్లో కూడా వచ్చే తోటమాలి ఒకరు, ఆయన రాలేనప్పుడు పని తెలిసిన ఇంకొకరు ఉండి తీరాలి. డ్రిప్ పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఏ కుండీ అవసరం దానిదే. పొడి వెదురు పుల్ల మట్టిలో గుచ్చి కాసేపాగి తీస్తే లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుంది, మాలీకి ఇది నేర్పితే చాలావరకు చెట్లు బతుకుతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకు చివర్లు మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, కాబట్టి వాన నీళ్లు పట్టుకునే తొట్టి ఒకటి కట్టించండి.

ఇక చెట్లు. ఫొటోల్లో మేపుల్ చూసి ఆశపడకండి, దానికి చలికాలం నిద్ర కావాలి, అంత చలి మనకి లేదు. రావి, జువ్వి, మర్రి, చింత, సీమచింత, కాగితం పూలు మన ఎండకి పుట్టినట్టే పెరుగుతాయి. పాత ఇళ్ల గోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కలు చూడండి, మొదలు లావుగా, వేళ్లు మెలికలు తిరిగి, సగం బోన్సాయ్ అయిపోయి ఉంటాయి, పైగా పైసా ఖర్చు లేదు. ఇంటివాళ్లని అడిగి, వానలు మొదలవగానే వీలైనన్ని వేళ్లతో తీసి పెద్ద కుండీలో నాటి, కనీసం ఒక ఏడాది, కొమ్మల్ని వంచడానికి చుట్టే లోహపు తీగ చుట్టకుండా వదిలేయండి. 1713లో కట్టిన మన విజయనగరం కోట గోడల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. నల్లమట్టి వద్దు, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, బాగా మాగిన గెత్తం కలపండి. తీగ చుట్టాక వానాకాలంలో వారం వారం చూస్తుండాలి, కొమ్మ ఉబ్బి తీగ లోపలికి దిగబడితే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు.

తుఫాన్ల మాట మర్చిపోకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి, బల్ల మీద కుండీ ఒక లెక్కా? ఇద్దరు ఎత్తగలిగే బరువులోనే పెట్టి, హెచ్చరిక రాగానే ఏ గదిలోకి చేర్చాలో ముందే అనుకోండి.

ప్రతి చెట్టుకీ ఒక పేజీ చొప్పున రిజిస్టర్ రాయండి, ఎక్కడిది, ఎవరిచ్చారు, మట్టి ఎప్పుడు మార్చారు అన్నీ. వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంకి 1976లో జపాన్ ఇచ్చిన 53 చెట్లలో 1625 నుంచి పెంచుకొస్తున్న పైన్ ఒకటుంది. అది హిరోషిమా బాంబుని తట్టుకుని నిలిచిన చెట్టని అక్కడివాళ్లకి 2001లో, ఇచ్చినాయన మనవళ్లు చూడ్డానికి వచ్చి చెబితే గానీ తెలియలేదు!

ఇరవై మంచి చెట్లతో మొదలుపెట్టండి, చాలు. మీ బోరు నీళ్లు టెస్ట్ చేయించి, ఆ మూలలో ఎండ ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా పడుతుందో రాయండి, ఏ చెట్టు ఎక్కడ పెడితే బాగుంటుందో చెప్తాను.