ఆకులు ఊపిరి పీలుస్తాయా?

సందేహం: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. పరీక్షలో "మొక్కలు పగలు ఉచ్ఛ్వాసం, రాత్రి నిశ్వాసం చేస్తాయి" అని రాస్తే టీచర్ కొట్టేశారు. చెట్లు గాలి పీలుస్తాయని మనమంతా అనుకుంటూనే ఉంటాం కదా, తప్పెక్కడుంది? ఇంకో మాట. ఒక పుస్తకంలో "వాయు మార్పిడి" అనీ ఇంకో పుస్తకంలో "వాయు వినిమయం" అనీ ఉంది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు

సమాధానం: టీచర్ కొట్టేయడం సబబేనమ్మా. ఉచ్ఛ్వాసమంటే గాలిని లోపలికి లాగడం, నిశ్వాసమంటే బయటికి వదలడం. వాటికి ఛాతీ కదలాలి, ఊపిరితిత్తులు ఉబ్బి తగ్గాలి. ఆకులో గాలిని లాగే అవయవమంటూ ఏదీ లేదు. ఉన్నవల్లా పత్రరంధ్రాలు. చాలా చెట్లకు ఇవి ఆకు అడుగువైపే ఎక్కువ. నీటి మీద తేలే కలువ ఆకుకు మాత్రం పైవైపునే ఉంటాయి. మన రోడ్ల డివైడర్ల మీద పెంచే గన్నేరు ఆకుకైతే అడుగువైపు నూగుతో నిండిన చిన్న చిన్న గుంటల్లో దాక్కుని ఉంటాయి, ఎండకు నీరు ఊరికే ఆవిరైపోకుండా.

ఒక్కో రంధ్రానికి అటొకటి ఇటొకటి చిక్కుడు గింజల్లాంటి రక్షక కణాలుంటాయి. పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు లోపలికి చేరితే ఆ కణాలు ఉబ్బి వంగుతాయి, మధ్యలో సందు తెరుచుకుంటుంది. నీరు తగ్గితే మూసుకుపోతుంది. సందు తెరుచుకున్నాక ఏ వాయువైనా ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి తనంతట తానే చేరుతుంది. దీన్ని విసరణ అంటారు. గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటే బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే. ఆ కాస్త కూడా విసరణతోనే ఆకులోకి చేరుతోంది.

మరి "పీల్చడం" మాట? అక్కడ మీరన్నది సగం నిజం. తెలుగులో పీల్చు వేరు, పీల్చుకొను వేరు. వేళ్లు నీళ్లు పీల్చుకుంటాయి, ఇసుక వాన నీటిని పీల్చుకుంటుంది. వాటికి నోరూ ముక్కూ ఉన్నాయని ఎవరూ అనుకోరు. "ఆకులు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి" అన్నది అలాంటి చక్కని తెలుగే, నిరభ్యంతరంగా రాయొచ్చు. "ఊపిరి పీలుస్తాయి" అంటేనే పిల్లల మనసులో ముక్కు, ఛాతీ మెదులుతాయి.

అసలు చిక్కు "పగలు – రాత్రి" దగ్గరుంది. శ్వాసక్రియ అంటే ఊపిరి తీయడం కాదు. కణం ప్రాణవాయువును వాడుకుని, చక్కెరను విడగొట్టి శక్తిని రాబట్టుకోవడం. ఇది మొక్కలో ఇరవై నాలుగు గంటలూ జరుగుతుంది. పగటిపూట కిరణజన్య సంయోగక్రియ, అంటే వెలుతురు సాయంతో బొగ్గుపులుసు వాయువు, నీటి నుంచి చక్కెర చేసుకుని ప్రాణవాయువును వదలడం, దీనికంటే బాగా జోరుగా సాగుతుంది కాబట్టి, పుచ్చుకున్నదీ ఇచ్చినదీ లెక్కగడితే నికరంగా బయటికొచ్చేది ప్రాణవాయువు. వ్యాపారస్తులు నికర లాభం అంటారే, ఆ "నికరంగా" అన్న మాట పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటే ఎంత బాగుండును! అది లేకనే మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని చాలామంది పిల్లలు పొరబడుతున్నారు.

రంధ్రాలు పగలే తెరుచుకుంటాయన్న మాట కూడా అన్ని మొక్కలకూ వర్తించదు. కలబంద, బ్రహ్మజెముడు, రణపాల లాంటివి ఎండకు భయపడి రాత్రి తెరుస్తాయి. అప్పుడు పట్టిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని పగలు వాడుకుంటాయి. రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రాసిన లేఖ 1815లో అచ్చయింది. ఆయన అంతకుముందు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్నవాడే. రణపాల కుండీ ఇంట్లో ఉంటే ఉదయం ఒక ఆకు, మధ్యాహ్నం ఒక ఆకు తెంపి, రసంలో లిట్మస్ కాగితం ముంచి అమ్మాయికి చూపించండి. పరీక్షలో పోయిన మార్కు కంటే అది ఎక్కువ గుర్తుంటుంది.

ఇక మార్పిడి, వినిమయం. రెండూ వాడుకలో ఉన్నవే, తప్పు కాదు. నా మొగ్గు వినిమయం వైపు. మార్పిడికి "ఒకటి ఇంకొకటిగా మారడం" అన్న అర్థమూ ఉంది. మతమార్పిడి అంటున్నాం కదా. అందుకని "వాయు మార్పిడి" అనగానే ఒక వాయువే ఇంకో వాయువుగా మారిపోతుందని పిల్లలు అనుకోవచ్చు. వినిమయంలో ఇచ్చిపుచ్చుకోవడం స్పష్టంగా ఉంది. చిన్న తరగతుల్లోనైతే "వాయువుల ఇచ్చిపుచ్చుకోలు" అని రాసినా నాకు ఇష్టమే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరిగా పోవడాన్ని చాలాచోట్ల "భాష్పోత్సేకం" అని అచ్చు వేస్తున్నారు. అక్కడ ఒత్తు అక్కర్లేదు, మాట బాష్పం కాబట్టి బాష్పోత్సేకం అనే రాయాలి. మీ ఉత్తరంలో ఉచ్ఛ్వాసాన్ని మాత్రం సరిగ్గా రాశారు. ఉత్ + శ్వాసం కలిస్తే వచ్చే రూపం అదే. ఉచ్వాసం, ఉచ్చ్వాసం అని కనిపించేవి రెండూ తప్పులు.