పక్కింటి వాన నీళ్లు మా గోడ మీదికి: పాత హక్కు కొత్త పైపుకు వర్తిస్తుందా?

ప్రశ్న: మాది కడపలో పాత ఇల్లు. పక్కింటివాళ్లకు ఇదివరకు మట్టి మిద్దె ఉండేది. దాని గొట్టం నుంచి వాన నీళ్లు మా పెరటి సందులో పడేవి, మేం పట్టించుకోలేదు. నాలుగేళ్ల కిందట ఆ మిద్దె పూర్తిగా పడగొట్టి మూడంతస్తుల ఇల్లు కట్టారు. ఇప్పుడు శ్లాబు నీళ్లన్నీ నాలుగంగుళాల పైపులో మా గోడ పక్కనే దిగుతున్నాయి. మొన్నటి వానకు వంటింట్లోకి నీళ్లొచ్చి గోడ పెచ్చులూడిపోయింది. వాషింగ్ మెషీన్ నీళ్లు కూడా అందులోకే కలిపారు. అడిగితే, "మా తాతల కాలం నుంచీ మీ వైపే పడుతున్నాయి, మాకు హక్కుంది" అంటున్నారు. పైపుకు సిమెంటు కొట్టి మూసేద్దామంటున్నాడు మా అబ్బాయి. మూసేయొచ్చా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: ముందు మీ అబ్బాయిని ఆపండమ్మా. పైపు మూస్తే నీళ్లు వాళ్ల శ్లాబు మీద నిలుస్తాయి, పై గది కారుతుంది. ఆ నష్టానికి వాళ్లు మీ మీద దావా వేస్తారు, పోలీస్ స్టేషన్‌కూ వెళ్తారు. ఫిర్యాదు చేయాల్సిన మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

వాళ్లు చెప్పే హక్కు పూర్తిగా గాలి మాట కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవాళ్ల స్థలం మీద ఉండే వాడుక హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు ఎవరి అడ్డూ లేకుండా, బహిరంగంగా, హక్కుగా నీళ్లు పక్క స్థలంలోకి వదిలినవారికి ఆ హక్కు ఏర్పడుతుంది. దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం వాళ్లదే. "హక్కుగా" అన్న మాట ముఖ్యం. ఎప్పుడో వాళ్లు అడిగితే మీ మామగారు "పోనీలే, పడనీ" అని ఒప్పుకుని ఉంటే అది అనుమతి మాత్రమే, ఎన్నేళ్లయినా హక్కు కాదు. ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్లు వీధిలో ఉన్నారేమో కనుక్కోండి.

సరే, మిద్దెకు హక్కు ఉండేదనే అనుకుందాం. ఆ మిద్దె ఇప్పుడు లేదు కదా. హక్కు అనుభవిస్తున్న కట్టడం పూర్తిగా నాశనమైతే హక్కూ పోతుందని 45వ సెక్షన్ చెబుతుంది. 20 ఏళ్లలోపు అదే జాగాలో తిరిగి కట్టుకుంటే మళ్లీ వస్తుందని 51వ సెక్షన్ అంటుంది, కానీ ఒక షరతు మీద: పక్క స్థలం మీద భారం ముందుకంటే పెరగకూడదు. చూరు నీళ్లు వదిలే హక్కు ఉన్నంత మాత్రాన చూరు ముందుకు జరిపి ఎదుటివాళ్లకు భారం పెంచకూడదని 23వ సెక్షన్ కింద ఉదాహరణే ఇచ్చారు. మీ కేసంతా ఈ భారం మీదే నిలబడుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. "మూడంతస్తులు కట్టారు, మూడింతలు నీళ్లొస్తున్నాయి" అని దావాలో రాయించకండి. అంతస్తులు పెరిగితే వాన పెరగదు, పైకప్పు వైశాల్యం పెరిగితేనే నీళ్లు పెరుగుతాయి. పాత మిద్దె ఎంత మేర ఉండేది, ముందు వాకిలి, పెరడు ఎంత ఖాళీగా ఉండేవి, ఇప్పుడు శ్లాబు ఎంత మేర పరిచారు, ఇవీ తేలాల్సినవి. వంద చదరపు మీటర్ల శ్లాబు మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఐదు వేల లీటర్లు. మట్టి మిద్దె అందులో కొంత పీల్చుకుని మిగిలింది నిదానంగా వదిలేది. శ్లాబు ఏమీ ఉంచుకోదు, అంతా ఒకే పైపులో అంత ఎత్తు నుంచి ఒకేచోట పడుతుంది. ఒక ఇంజనీరు చేత ఈ లెక్క కొలతలతో సహా రాయించుకోండి.

వాషింగ్ మెషీన్ నీళ్ల సంగతి ఇంకా తేలిక. వాన నీళ్ల హక్కు వాడుక నీళ్లకు రాదు, నాలుగేళ్ల అలవాటుకు హక్కూ పుట్టదు. "మీ జాగా పల్లం, నీళ్లు పల్లానికే పోతాయి" అని కూడా వాళ్లు వాదించవచ్చు. పల్లానికి సహజంగా పారే నీళ్ల గురించే 7వ సెక్షన్ చెబుతుంది. పైపులో పోగుచేసి వదిలే నీళ్లకు ఆ వాదన నిలవదు.

వాన పడుతుండగా పైపు నుంచి మీ గోడ దాకా ఆపకుండా వీడియో తీయండి. ఆ ఫోను అమ్మేయకండి, వీడియో ఆ ఫోనులో తీసిందేనని కోర్టులో సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది. పాత పెళ్లి ఫొటోల్లో వెనక ఆ మిద్దె, గొట్టం కనిపిస్తుంటే బంగారమే. వాళ్ల ఇంటి ప్లాన్ నకలు కోసం నగరపాలక సంస్థలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ వైపు సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ జాగా) వదలకుండా కట్టి ఉంటే వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మీ వీధిలో సీసీ రోడ్డు ఎత్తు పెంచడం వల్ల మీ పెరటి నీళ్లు బయటకు పోవడం లేదా అన్నదీ చూసుకోండి. అదే నిజమైతే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

తర్వాత లాయరు నోటీసు. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో పైపు మళ్లించమని ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం), గోడకు నష్టపరిహారం కోరుతూ దావా. నాలుగేళ్లు ఊరుకున్నారని టెన్షన్ వద్దు. వాన పడ్డప్పుడల్లా జరిగే నష్టం కాబట్టి దావా వేసే గడువు ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. దావాతో పాటే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే జాగా చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే లాయరును, వేయమని అర్జీ పెట్టండి. అక్టోబరు, నవంబరు వానల్లో ఆయన వచ్చి తడిసిన గోడ చూసి రాసే రిపోర్టు పది మంది సాక్షులకంటే ఎక్కువ పని చేస్తుంది.

నన్నడిగితే దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లమంటాను. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100. దావా లేకుండానే లోక్ అదాలత్‌కు పెట్టుకోవచ్చు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. నాలుగు పీవీసీ పైపులు, రెండు బెండ్లు, ప్లంబరు ఒక రోజు కూలి పెట్టుకుంటే ఆ నీళ్లు వాళ్ల స్థలంలోంచే వీధి కాలువలోకి పోతాయి. ఈ ఖర్చు తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగినవాళ్లను చాలామందిని చూశాను. ఒకవేళ పైపు మీ స్థలంలోంచి పోవడానికి ఒప్పుకుంటే మాత్రం నోటి మాటతో వదలొద్దు. అది మీరిచ్చిన అనుమతి మాత్రమేనని, మీరు వద్దన్నప్పుడు తీసేయాలని, వాన నీళ్లు తప్ప వేరేవి వదలకూడదని రాయించి, ఇరువైపులా సంతకాలు పెట్టించండి.