స్టెయిన్‌లెస్ దగ్గరే బిట్ ఎందుకు మాడుతోంది?

ప్రశ్న: 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్‌తో మైల్డ్ స్టీల్‌కి 800 ఆర్‌పీఎంలో (నిమిషానికి 800 చుట్లు) చక్కగా రంధ్రాలు వేస్తున్నాను. అదే స్పీడ్‌లో స్టెయిన్‌లెస్ ప్లేటు మీద పెడితే రెండో రంధ్రానికే బిట్ మాడిపోయింది. కొత్త బిట్ వేసి, స్పీడ్ తగ్గించి మెల్లగా ఆనించినా గీరుతోందే తప్ప దిగడం లేదు. ఏ లోహానికి ఎంత స్పీడ్ పెట్టాలి?

జవాబు: తప్పు స్పీడ్‌ది సగమే. మిగతా సగం మీరు ‘మెల్లగా ఆనించడం’లో ఉంది. ముందు లెక్క తేల్చేద్దాం.

చూడాల్సింది ఆర్‌పీఎం కాదు, బిట్ అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు కోస్తోందన్నది. హెచ్‌ఎస్‌ఎస్‌తో మైల్డ్ స్టీల్‌కి 25 మీటర్లు, 304 రకం స్టెయిన్‌లెస్‌కి 12 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఆ అంకెను 318తో గుణించి, బిట్ సైజు ఎన్ని మి.మీ. అయితే అంతతో భాగించండి. మీ బిట్‌కి మైల్డ్ స్టీల్ మీద 795 వస్తుంది, అంటే మీరు పెట్టింది సరైనదే. స్టెయిన్‌లెస్ మీద 380 దాటకూడదు. అల్యూమినియానికి 75 మీటర్లయినా పర్లేదు, కాస్త కిరోసిన్ వేస్తే బిట్‌కి అతుక్కోదు. క్యాస్ట్ ఐరన్‌కి 20 మీటర్లు, ఆయిల్ అక్కర్లేదు.

ఇక స్టెయిన్‌లెస్ సంగతి. బిట్ కోయకుండా రుద్దితే చాలు, ఆ చోటు అప్పటికప్పుడు గట్టిపడిపోతుంది. పైగా వేడిని త్వరగా లాక్కోదు కాబట్టి వేడంతా బిట్ మొన మీదే పడుతుంది. అందుకే ఇక్కడ జాలి పనికిరాదు. ఒక్కో చుట్టుకు 0.15 మి.మీ. దిగేలా గట్టిగా నొక్కండి, కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. 10 మి.మీ. ప్లేటు పావు నిమిషంలో తెగాలి. మధ్యలో ఆగాలనిపిస్తే బిట్ పూర్తిగా బయటికి తీయండి, లోపల ఊరికే తిరగనివ్వొద్దు.

లెక్క సరిపోయిందో లేదో చిప్స్, అంటే తెగి బయటికొచ్చే లోహపు తునకలు, చూస్తే తెలుస్తుంది. తెల్లగా, లేదా లేత గడ్డి రంగులో చుట్టలు చుట్టుకుంటూ వస్తుంటే నిశ్చింతగా ఉండండి. నీలంగా వస్తే హెచ్‌ఎస్‌ఎస్‌కి అది ప్రమాదమే, వెంటనే స్పీడ్ దించండి. (హెచ్‌ఎస్‌ఎస్ కన్నా గట్టిదై, ఎక్కువ వేడికి తట్టుకునే కార్బైడ్ టూల్‌తో స్టీల్ కోసేటప్పుడు నీలం చిప్స్ మామూలే, ఆ రెండింటినీ కలపకండి.) పొడిలా రాలుతోందంటే బిట్ రుద్దుతోందన్నమాట.

‘కొంచెం పెంచితే ఏమవుతుందిలే’ అంటారు చాలామంది. టూల్ ఆయుష్షుకు అమెరికన్ ఇంజనీర్ ఎఫ్. డబ్ల్యూ. టేలర్ 1907లో ఇచ్చిన సూత్రం ఉంది. దాని ప్రకారం హెచ్‌ఎస్‌ఎస్‌కి వేగం 10 శాతం పెంచితే ఆయుష్షు దాదాపు సగమైపోతుంది.

ఇప్పటికే గట్టిపడిన మీ రంధ్రంలో మళ్లీ అదే బిట్ పెట్టకండి. ప్లేటు తిరగేసి, అవతలి వైపు నుంచి పదునైన కోబాల్ట్ బిట్‌తో (కోబాల్ట్ కలిపిన హెచ్‌ఎస్‌ఎస్) వేయండి. తిరగేసే వీల్లేకపోతే కార్బైడ్ బిట్ తప్పదు. అది పెళుసు, చేతి డ్రిల్‌కి మాత్రం బిగించొద్దు.