టెక్ సందేహాలు: ఇన్‌వాయిస్‌లోని టేబుల్ ఎక్సెల్‌లోకి రానంటోంది

ప్రశ్న: మాకు సరుకు పంపే కంపెనీల నుంచి నెలకు రెండొందల దాకా ఇన్‌వాయిస్‌లు పీడీఎఫ్‌లుగా వస్తాయి. వాటిలోని ఐటమ్‌ల టేబుల్‌ని కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే అంతా ఒకే కాలమ్‌లో పడుతోంది. కొన్నిటిలో అక్షరాలు అసలు సెలెక్టే కావడం లేదు. చేత్తో టైప్ చేయడం తప్ప దారి లేదా?

ఉంది. అయితే మీ కంటికి టేబుల్‌లా కనిపించేది పీడీఎఫ్ దృష్టిలో టేబుల్ కాదు. 1993లో అడోబీ ఈ ఫార్మాట్‌ను తెచ్చింది ఏ కంప్యూటర్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనిపించడం కోసం. అందుకే ఫైల్ లోపల ఉండేవి ‘ఈ అంకెను ఎడమ నుంచి ఇంత దూరంలో, కింది నుంచి ఇంత ఎత్తులో పెట్టు’ లాంటి ఆదేశాలే. ఫలానా అంకె ఫలానా గడిలోది అన్న సమాచారం చాలా ఫైళ్లలో ఉండదు. గడుల గీతలు కూడా విడిగా గీసినవే. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా టేబుల్‌ని ఊహిస్తుంది. మనం చేసే సెట్టింగ్‌లన్నీ ఆ ఊహకు సాయపడేవే.

మీ ఫైళ్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మౌస్‌తో అక్షరాలు సెలెక్ట్ అయ్యేవి ఒక ఫోల్డర్‌లో, కానివి మరో ఫోల్డర్‌లో వేయండి. రెండో రకం స్కాన్ చేసిన బొమ్మలు. వాటి వైద్యం వేరు.

మొదటి రకానికి మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ (బయటి ఫైళ్ల నుంచి డేటాను లాగి సర్దిపెట్టే సాధనం) చాలు. డేటా ట్యాబ్‌లో గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ పీడీఎఫ్ నొక్కితే అది కనిపెట్టిన టేబుళ్ల జాబితా వస్తుంది. గడుల చుట్టూ గీతలున్నా కాలమ్‌లు కలిసిపోతుంటే, పవర్ క్వెరీలో మొదటి స్టెప్ అయిన ‘సోర్స్’ ఫార్ములాలో ‘ఎన్‌ఫోర్స్ బోర్డర్ లైన్స్’ అనే ఆప్షన్‌ను ట్రూ చేయండి. మామూలుగా గీతలను అది ఒక ఆనవాలుగానే చూస్తుంది, ఇలా చేస్తే వాటినే హద్దుగా తీసుకుంటుంది.

అసలు తంటా తర్వాత వస్తుంది. పవర్ క్వెరీ తనంతట తానే ‘ఛేంజ్‌డ్ టైప్’ అనే స్టెప్ పెట్టేసి, 00417 అనే ఐటమ్ కోడ్‌ను 417 చేసేస్తుంది. ముందు ఆ స్టెప్‌ను తీసేసి, కోడ్‌లన్నీ టెక్స్ట్‌గా పెట్టుకోండి. కాలమ్ టైప్‌ను మీరే మార్చేటప్పుడు ‘యూజింగ్ లొకేల్’ ఎంచుకుని, ఇన్‌వాయిస్ ఏ దేశపు పద్ధతిలో ఉందో చెప్పండి. 1.250 అని రాస్తే కొన్ని దేశాల్లో పన్నెండొందల యాభై, మరికొన్నిచోట్ల ఒకటింబావు. 03/04 కూడా అంతే: మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో పంపినవాళ్లకే తెలియాలి.

ఒక ఫైల్ సరిగ్గా వచ్చాక ‘ఫ్రమ్ ఫోల్డర్’తో మిగతావన్నీ ఒకేసారి లాగొచ్చు. కానీ అన్ని కంపెనీల ఇన్‌వాయిస్‌లూ ఒకే ఫోల్డర్‌లో కుక్కొద్దు. శాంపిల్ ఫైల్‌లో మీరు ఎంచుకున్న టేబుల్ పేరునే అది మిగతా ఫైళ్లలోనూ వెతుకుతుంది. ఇంకో కంపెనీ ఇన్‌వాయిస్‌లో అదే పేరుతో ఉన్నది చిరునామాల టేబుల్ కావచ్చు. కంపెనీకో ఫోల్డర్, ఫోల్డర్‌కో క్వెరీ (అంటే ఈ స్టెప్‌ల వరస). విసుగ్గానే ఉంటుంది కానీ, అన్నిటికీ పనికొచ్చే ఒకే సెట్టింగ్ కోసం వెతకడం కన్నా ఇదే తొందరగా తెమిలే పని.

ఎక్సెల్ మాట వినకపోతే ఉచితంగా దొరికే టాబ్యులా అనే సాఫ్ట్‌వేర్ వాడండి. టేబుల్ ఉన్న చోటును మౌస్‌తో గీసి చూపించి, గీతలుంటే లాటిస్, ఖాళీలే హద్దులైతే స్ట్రీమ్ పద్ధతి ఎంచుకోవాలి. గీసిన చోటును టెంప్లేట్‌గా దాచుకోవచ్చు కూడా.

ఇక స్కాన్‌లు. వీటికి ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. వీలైతే 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు), కాగితం వంకర లేకుండా మళ్లీ స్కాన్ చేయించండి, సగం తప్పులు అక్కడే పోతాయి. ఉచిత ఓసీఆర్ అయిన టెసరాక్ట్ అక్షరాలను బాగానే చదువుతుంది కానీ టేబుల్‌గా అమర్చి ఇవ్వదు. అమెజాన్ టెక్స్‌ట్రాక్ట్, అజూర్ డాక్యుమెంట్ ఇంటెలిజెన్స్ లాంటి క్లౌడ్ సర్వీసులు గడులుగా విడదీసి, ఎంత నమ్మకంగా చదివాయో స్కోర్ కూడా ఇస్తాయి. ఆ స్కోర్ చూసి మురిసిపోకండి. 8ని 8గానే చదివి పక్క కాలమ్‌లో పెట్టినా స్కోర్ బాగానే ఉండొచ్చు.

ఏ దారిలో తెచ్చినా తప్పు పట్టేది లెక్కే. ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెంచి, పరిమాణాన్ని రేటుతో గుణించి, టేబుల్‌లోని మొత్తంతో పోల్చండి. డిస్కౌంట్ ఉంటే తీసేసి చూడండి. వరసలన్నీ కూడితే ఇన్‌వాయిస్ అడుగున ఉన్న మొత్తం రావాలి. తేడా వచ్చిన వాటినే మీరు తెరిచి చూస్తే చాలు.

ప్రశ్న: ఐటమ్ వివరణ పొడుగ్గా ఉంటే రెండో లైన్ ఎక్సెల్‌లో వేరే వరసగా వస్తోంది. వందల వరసలు చేత్తో కలపాల్సి వస్తోంది.

అలా విడిపోయిన వరసలో సీరియల్ నంబర్ గడి ఖాళీగా ఉంటుంది. దాన్నే పట్టుకోండి. పవర్ క్వెరీలో ఆ కాలమ్‌కు ‘ఫిల్ డౌన్’ ఇస్తే పై నంబర్ కిందికి దిగుతుంది. దిగకపోతే ఆ గడిలో ఉన్నది నల్ (విలువే లేదనే గుర్తు) కాదు, ఖాళీ టెక్స్ట్. రీప్లేస్ వాల్యూస్‌తో దాన్ని నల్ చేసి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత ఫైల్ పేరు, సీరియల్ నంబర్ రెండిటి మీదా ‘గ్రూప్ బై’ చేయండి, ఆ రెండూ ఒకటే అయిన వరసలు ఒక్కటవుతాయి. ఫైల్ పేరు మరిచిపోతే అన్ని ఇన్‌వాయిస్‌ల ఒకటో ఐటమ్‌లూ కలిసిపోతాయి! వివరణకు సమ్ ఎంచుకుని, ఫార్ములా బార్‌లో ‘లిస్ట్.సమ్’ ఉన్నచోట ‘టెక్స్ట్.కంబైన్’ అని మార్చి, మధ్యలో ఖాళీ పడేలా రెండో విలువగా స్పేస్ ఇవ్వండి. మొత్తాల కాలమ్‌కు మ్యాక్స్ చాలు.

ఒక్కచోట ఇది బెడిసికొడుతుంది. కొన్ని ఇన్‌వాయిస్‌లలో సీరియల్ నంబర్‌ను గడిలో పైన కాకుండా నిలువుగా నడిమధ్యలో వేస్తారు, అంటే వివరణ మొదటి లైన్ నంబర్ కన్నా పైనే మొదలవుతుంది. అప్పుడు ఆ లైన్ పై ఐటమ్‌కు అతుక్కుంటుంది. అలాంటి వాటికి గీతలనే హద్దుగా పెట్టే పద్ధతే మేలు.

ప్రశ్న: పీడీఎఫ్‌ను ఎక్సెల్‌గా మార్చే ఉచిత వెబ్‌సైట్లు వాడొచ్చా?

బ్యాంకు ఖాతా నంబర్లు, రేట్లు ఉన్న ఆఫీసు కాగితాలకు వద్దు. ఫైల్ వాళ్ల సర్వర్‌కు వెళ్తుంది. పైన చెప్పిన క్లౌడ్ సర్వీసులకూ ఆఫీసు అనుమతి తీసుకోండి. పవర్ క్వెరీలో ఇలా తెరిచే ఫైల్‌ను మీ ఎక్సెలే చదువుతుంది. టాబ్యులా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కదా అని టెన్షన్ పడొద్దు. అడ్రస్ బార్‌లో 127.0.0.1 అని ఉంటే అది మీ కంప్యూటరే.